కప్పు అన్నం అన్నారు డాక్టరు గారు. ఏ కప్పు?

#1 గోదారి_గట్టు (ప్రస్తుతం పుణె)

నాన్నగారికి 64 ఏళ్ళు. షుగరు వచ్చి చాలా కాలమైంది. మాత్రలతోనే నడుస్తోంది, ఇన్సులిన్ లేదు. మొన్న పరీక్షలో మూడు నెలల సగటు పెరిగిందని డాక్టరు గారు చీటీ మీద "మధ్యాహ్నం 1 కప్పు అన్నం, రాత్రి 2 పుల్కాలు, కూర ఎక్కువ" అని రాసిచ్చారు. ఇంటికొచ్చాక అసలు గొడవ మొదలైంది. అమ్మేమో టీ కప్పు అనుకుంది. నాన్న పాయసం పోసుకునే స్టీలు గిన్నె తీసి "ఇదీ కప్పే" అంటారు. నెట్‌లో చూస్తే ఒకచోట 240 మి.లీ. అని, ఇంకోచోట 200 అని ఉంది.

వంటింటి త్రాసు ఆర్డరు పెడతానంటే నాన్న ససేమిరా అన్నారు. కంసాలి బంగారం తూచినట్టు నా అన్నం తూస్తారా అని ఒకటే అలక. కాబట్టి త్రాసు లేకుండానే దారి చూడాలి. మీ ఇళ్ళల్లో ఎలా అంచనా వేస్తున్నారు? చేతి కొలతలు అంటుంటారు కదా, అవి నమ్మొచ్చా?

#2 మెస్_బాధితుడు

మా హాస్టల్లో కొలత చాలా సులువు అన్నా. సాంబారు బకెట్లో గరిటె దింపితే పప్పు తగిలిన రోజు పండగ.

సరే, సీరియస్‌గా చెప్తా. పది రూపాయల బిళ్ళ 7.7 గ్రాములు. 13 బిళ్ళలు పెడితే 100 గ్రాములు అటూ ఇటూగా. బట్టల హ్యాంగరుకి రెండు వైపులా రెండు కవర్లు తగిలించి, ఒకదాంట్లో బిళ్ళలు, ఒకదాంట్లో బియ్యం వేస్తే సరి.

#3 గోదారి_గట్టు

తమ్ముడూ, దాన్నే త్రాసంటారు. నాన్న హ్యాంగరుతో సహా బయటికి విసిరేస్తారు.

#4 పథ్యం_గది (డైటీషియన్, విజయవాడ)

గట్టు గారూ, ముందు మీ డాక్టరు గారికే ఫోన్ చేసి "ఎన్ని మి.లీ. కప్పండీ" అని అడగండి. మేమంతా ఇక్కడ ఎన్ని చెప్పినా ఆయన మనసులో ఉన్న కప్పు ఆయనకే తెలుసు.

కప్పుల సంగతి మాత్రం మీరన్నట్టే ఉంటుంది. అమెరికా వంటల పుస్తకాల్లో కప్పు 240 మి.లీ. రైస్ కుక్కరుతో వచ్చే ప్లాస్టిక్ కప్పు 180. మన ఇళ్ళల్లో కూర వడ్డించుకునే చిన్న గిన్నెలు 150 చుట్టుపక్కల ఉంటాయి. అన్నం నొక్కకుండా నింపితే 240 కప్పులో సుమారు 155, 160 గ్రాములు పడుతుంది, అందులో పిండి పదార్థం 45 గ్రాములు. 150 మి.లీ. గిన్నెలో 100 గ్రాముల అన్నం, 28 గ్రాముల పిండి పదార్థం. చీటీలో రాసిన మాట ఒక్కటే, కంచంలో పడేది ఒకటిన్నర రెట్లు పైగా తేడా. నొక్కి, గోపురంలా పోశారంటే ఇంకా పోతుంది.

మీ గిన్నె ఎంతో తెలుసుకోడానికి అర లీటరు నీళ్ళ సీసా ఒకటి చాలు. సీసా నీళ్ళు గిన్నెతో కొలవండి. రెండున్నర గిన్నెలు వస్తే అది 200 మి.లీ. మూడు నిండి కొంచెం మిగిలితే 150. ఆ గిన్నె మీద మేకుతో చిన్న గీత గీసి నాన్నగారికి అంకితం చేసేయండి. ఇంట్లో ఇంకెవరూ దాన్ని ముట్టుకోకూడదు.

ఇంకో సంగతి. ఒక్కోటి పాతిక గ్రాముల పిండితో చేసిన పుల్కాలు రెండింటిలో 35 గ్రాముల దాకా పిండి పదార్థం ఉంటుంది. 200 మి.లీ. గిన్నెడు అన్నంలో ఉండేదీ దాదాపు అంతే. రాత్రి పుల్కాలు కదా అని నాలుగు లాగిస్తే మధ్యాహ్నం చేసిన పథ్యం అక్కడ పోయినట్టే.

#5 పప్పు_దప్పళం (గుంటూరు)

పథ్యం గారూ, కప్పు సంగతి బాగుంది. కానీ మా ఇంట్లో అసలు చిక్కు కప్పుది కాదు, మారు వడ్డనది.

ఇంగ్లీషు పుస్తకాల్లో ప్లేటు బొమ్మ వేస్తారు చూడండి, సగం కూరగాయలు, పావు అన్నం, పావు పప్పో మాంసమో అని. వాళ్ళకి అన్నీ ఒకేసారి ప్లేట్లోకి వస్తాయి. మనకి అలా కాదుగా! ముందు ఇంత అన్నం పెట్టుకుని పప్పు, నెయ్యి. అది అయ్యాక ఇంకొంచెం పెట్టుకుని కూర. అప్పుడు మధ్యలో గుంట చేసి పులుసో చారో. ఆఖర్న పెరుగులోకి మళ్ళీ. ప్రతిసారీ కంచంలో ఉన్నది చూస్తే "కొంచెమే కదా" అనిపిస్తుంది. ఏ క్షణాన చూసినా కంచం పావు వంతు కూడా నిండి ఉండదు. లేచేసరికి నాలుగు వాయిలు లోపలికి పోయుంటాయి. కంచం చూసి అంచనా వెయ్యమంటే ఎవరు వెయ్యగలరు?

మా మామగారికి నేను చేసింది ఇదీ. ఆయన వాటా మొత్తం అన్నం ముందే ఒక గిన్నెలో తీసి కంచం పక్కన పెట్టేస్తా. కుక్కరు మాత్రం వంటింట్లోనే ఉంటుంది, టేబుల్ మీదకి రాదు. ఆ గిన్నెలోదే పప్పులోకి, కూరలోకి, పెరుగులోకి ఆయనే పంచుకుంటారు. చారు గ్లాసులో పోసి ఇస్తా, తాగేస్తారు. మొదట్లో పప్పులోకే సగం పైగా ఖర్చు పెట్టేసి పెరుగు దగ్గరికొచ్చేసరికి గిన్నె వైపు దిగులుగా చూసేవారు. ఇప్పుడు పెరుగన్నానికి ముందే ఒక మూల తీసి పెట్టుకుంటున్నారు. అదొక్కటీ మానలేరట.

#6 వంట_మేస్త్రి (తెనాలి)

అమ్మాయి చెప్పింది రైటు. మా పనిలో ఎప్పుడూ ఉడికిన అన్నం చూసి లెక్క చెప్పం. బియ్యం మీదే లెక్క. పెళ్ళి భోజనానికి కిలో బియ్యానికి ఎనిమిది మంది. పులిహోర, బూరెలు, బిర్యానీ లాంటివి పక్కన ఎక్కువుంటే పదిమంది. పప్పు, కూర, సాంబారు అన్నీ ఆ బియ్యాన్ని బట్టే దించుతాం.

ఎందుకంటారా, పాత బియ్యం బాగా ఎదుగుతాయి, పొడిపొడిగా వస్తాయి. కొత్త బియ్యం ఎదగవు, ముద్దవుతాయి. ఒకే గిన్నెతో కొలిస్తే పాత బియ్యం అన్నం తక్కువ తూగుద్ది, కొత్త బియ్యందాన్ని కూరి పెట్టినట్టుంటది. ఇంక వడ్డించేవాడి చెయ్యి సంగతి సరేసరి. ఒకే గరిటె ఇచ్చి ఇద్దరు కుర్రాళ్ళని పంక్తిలోకి పంపితే ఒకడి గుండిగ సగంలోనే ఖాళీ అయిపోద్ది.

#7 లెక్కల_మాస్టారు (నల్గొండ)

మేస్త్రి గారి మాట పట్టుకుని ముందుకు పోదాం. మనింట్లో త్రాసు లేదనుకుంటాం గానీ, తూచి సీలు వేసిన సరుకు ప్రతి నెలా ఇంటికి వస్తూనే ఉంది.

కందిపప్పు కిలో ప్యాకెట్ విప్పినప్పుడు డబ్బాలో గుమ్మరించకుండా, రోజూ వాడే గ్లాసుతో కొలుస్తూ పోయండి. ఆరు గ్లాసులు వస్తే గ్లాసుకి 167 గ్రాములు. అంతే, ఆ గ్లాసు ఇక మీ త్రాసు. బియ్యానికైతే మనం తెచ్చేది 26 కిలోల బస్తా, అది కొలుస్తూ కూర్చోలేం. కిరాణా కొట్టులో ఒక్క కిలో విడిగా తూపించుకుని రండి. గోధుమ పిండికి మళ్ళీ వేరే కొలవాలి, బియ్యం పట్టే గ్లాసులో పిండి బరువు చాలా తక్కువ పడుతుంది. అటుకులైతే బియ్యంలో సగం కూడా తూగవు.

ఇక రోజూ కంచం దగ్గర కాపలా కాయడం ఇష్టం లేని ఇళ్ళకి నెల లెక్క ఉంది. నలుగురుండే ఇంట్లో 26 కిలోల బస్తా 30 రోజుల్లో అయిపోయిందంటే తలకి రోజుకి 217 గ్రాముల బియ్యం. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2000 కేలరీల రోజుకి గీసిన కంచంలో ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములే. అంటే మీ ఇడ్లీ రవ్వ, చపాతీ పిండి, ఉప్మా, సేమియా అన్నిటికీ కలిపి మిగిలింది 33. మిగతావి ఎన్ని వస్తున్నాయో మీ సరుకుల చీటీలోనే చూసుకోండి.

నూనె కూడా చెప్తా. అదే కంచంలో నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు. లీటరు నూనె ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లో 910 గ్రాములని ఉంటుంది. నలుగురికి రోజుకి 108 గ్రాములు. అంటే ప్యాకెట్ ఎనిమిది రోజులు రావాలి. మీ ఇంట్లో ఎన్ని రోజులు వస్తున్నదో ప్యాకెట్ కత్తిరించిన రోజు తేదీ పెన్నుతో రాసి పెట్టి చూడండి. ఈ ఒక్క పని ఏ చెంచా కొలతకన్నా నిజం చెబుతుంది.

#8 పప్పు_దప్పళం (గుంటూరు)

మాస్టారూ, ఆవకాయ నెలలో ఈ లెక్క వేస్తే గుండె ఆగుతుంది.

#9 లెక్కల_మాస్టారు (నల్గొండ)

దానికి పన్నెండు నెలల వాయిదా పద్ధతి ఉందమ్మా.

#10 డాలస్_దొండకాయ

చిన్న ప్లేటు వాడితే తక్కువ తింటాం అని ఎవరో ఒకరు చెప్పబోతారు కాబట్టి నేనే ముందు చెప్తున్నా. ఆ మాటకి బాగా ప్రచారం తెచ్చినవాళ్ళలో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ బ్రయాన్ వాన్‌సింక్ ముఖ్యుడు. పెద్ద గిన్నె పెడితే ఎక్కువ తిన్నారు అంటూ బోలెడు పేపర్లు రాశాడు. 2018లో ఆయన పేపర్లు ఒకేసారి ఆరింటిని జామా అనే వైద్య పత్రికలు వెనక్కి తీసుకున్నాయి. పరిశోధనలో అక్రమాలు జరిగాయని యూనివర్సిటీ తేల్చింది, ఆయన రాజీనామా చేశాడు. చిన్న ప్లేటు వల్ల మంచి జరగదని కాదు నా ఉద్దేశం. కానీ ప్లేటు మార్చగానే పొట్ట మోసపోతుందని దాని మీదే భారం వేయకండి. మాకు ఇక్కడ పాట్‌లక్‌లలో (తలా ఒక వంటకం తెచ్చుకునే విందుల్లో) పేపరు ప్లేట్లు చిన్నవే. జనం మూడుసార్లు లైన్లో నిలబడతారు.

#11 లెక్కల_మాస్టారు (నల్గొండ)

మనస్తత్వం సంగతి నాకు తెలియదు గానీ వైశాల్యం మాత్రం అబద్ధం చెప్పదు. షుగరు వాళ్ళకి చెప్పే ప్లేటు 9 అంగుళాలది. మన స్టీలు కంచం 12 అంగుళాలు. 81కి 144. పావు కంచం అన్నం అని అదే పలచన చొప్పున మన కంచంలో పరిస్తే పావు తక్కువ రెండింతలవుతుంది. బొమ్మ నమ్మేవాళ్ళు ముందు కంచం కొలుచుకోండి, స్కేలు బద్ద చాలు.

#12 గోదారి_గట్టు

అందరికీ నమస్కారం. డాక్టరు గారి దగ్గర కాంపౌండరు ద్వారా జవాబు వచ్చింది, 200 మి.లీ. అట. నీళ్ళ సీసా పెట్టి చూస్తే పాయసం గిన్నె 300 దాటింది, టీ కప్పు 120. ఇద్దరూ ఓడిపోయారు కాబట్టి ఇంట్లో శాంతి. పప్పు గారి పద్ధతిలో గిన్నె పక్కన పెట్టి నడిపిస్తున్నాం.

చేతి కొలతల గురించి మాత్రం ఎవరూ తేల్చలేదు. ఊళ్ళకీ పెళ్ళిళ్ళకీ వెళ్ళినప్పుడు గీత గీసిన గిన్నె పట్టుకెళ్ళలేం కదా.

#13 డాలస్_దొండకాయ

ఇక్కడ డయాబెటిస్ క్లాసుల్లో చేతి పద్ధతి నేర్పుతారు. పిండి పదార్థాలకి పిడికిలి, మాంసానికి వేళ్ళు వదిలేసి అరచేయి, కూరగాయలకి రెండు చేతుల దోసిలి, కొవ్వుకి బొటనవేలి కొన. పెద్ద మనిషికి పెద్ద చెయ్యి, చిన్నవాళ్ళకి చిన్న చెయ్యి కాబట్టి ఎవరి కొలత వాళ్ళకి సరిపోతుందని వాదన. దాని పక్కనే పేకముక్కల దస్తా అంత మాంసం, టెన్నిస్ బంతి అంత పండు అని ఇంకో జాబితా ఇస్తారు. మా అమ్మ వచ్చినప్పుడు అది చదివి, ఇంట్లో పేకముక్కలు ఎందుకున్నాయని నన్ను అడిగింది.

#14 మెస్_బాధితుడు

పిడికిలి అంటే కప్పు అంటారు కదా, నేను చూశా. బకెట్లో మగ్గు పెట్టి అంచు దాకా నీళ్ళు నింపి, మణికట్టు దాకా పిడికిలి ముంచి తీశా. పొర్లిపోయినంత నీళ్ళు మళ్ళీ సీసాతో కొలిచి పోస్తే 300 మి.లీ. పైనే పట్టింది. నేనేమీ పహిల్వాన్‌ని కాదు. ఆర్కిమెడిస్ లెక్కన నా పిడికిలి కప్పున్నర!

#15 పథ్యం_గది (డైటీషియన్, విజయవాడ)

బాబూ, ఆ ప్రయోగం నేను కూడా క్లాసులో చేయిస్తాను, బాగా పట్టుకున్నావు. పిడికిలి పక్కన పెట్టి కంటితో పోల్చేది ఒక లెక్క, అది తొలగించే నీళ్ళు ఇంకో లెక్క. పైగా మణికట్టు దాకా ముంచావు కాబట్టి బొటనవేలి మొదలు కూడా కలిసింది. అందుకే అన్నానికి చేతి కొలత నేను చెప్పను.

ఎక్కడ చెబుతానంటే, పొరపాటు పడినా కొంప మునగని చోట. బీరకాయ కూర, తోటకూర, పొట్లకాయ, మజ్జిగ పులుసులో ముక్కలు, వీటికి రెండు చేతుల దోసిలి చాలు. పావు ఎక్కువైనా మంచిదే. రోజుకి 400 గ్రాముల కూరగాయలు తినమంటున్నారు, బంగాళాదుంప అందులో లెక్కకి రాదు. మన ఇళ్ళల్లో అందులో సగం తినేవాళ్ళు తక్కువ. చేప ముక్కకీ చికెన్‌కీ అరచేయి ఫరవాలేదు, ఎముక కాకుండా చూసుకుంటే 85 నుంచి 100 గ్రాముల మధ్య వస్తుంది.

చెయ్యి పనికిరానివి నాలుగు. నూనె, అన్నం, పల్లీలు, తీపి. నూనెలో ఒక పెద్ద చెంచా తేడా 120 కేలరీలు, అంటే రెండు ఇడ్లీలు. చెంచాతో కొలిచి పోయండి, ప్యాకెట్ మూల కత్తిరించి మూకుట్లోకి నేరుగా వంచకండి. వేయించిన పల్లీలు గుప్పెడు అంటే 30 గ్రాములకి పైనే ఉంటాయి, 170 కేలరీలు. టీవీ ముందు మూడు గుప్పెళ్ళు ఎలా వెళ్ళాయో ఎవరికీ గుర్తుండదు. డబ్బాలోంచి తినకండి, చిన్న గిన్నెలోకి తీసుకుని మూత పెట్టి లేవండి.

గట్టు గారూ, పెళ్ళిళ్ళ సంగతి అడిగారు. వడ్డించేవాడి గరిటె ఒకటి గమనించమనండి. మొదటిసారి పెట్టిన అన్నాన్ని కంచంలోనే మూడు వాటాలు చేసి గీత పెట్టుకోమనండి, పప్పుకొకటి, కూరకొకటి, పెరుగుకొకటి. రెండోసారి వస్తే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టడమే. పెళ్ళివారు నొచ్చుకోరు, షుగరంటే ఇప్పుడు అందరికీ తెలుసు.

#16 నిర్వాహకుడు

చిన్న మనవి. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు ఇక్కడి అంచనాలు చూసి యూనిట్లు మార్చుకోవద్దు. మందుల మోతాదు ప్రశ్నలు ఈ చర్చలో వద్దు.

#17 పథ్యం_గది (డైటీషియన్, విజయవాడ)

నిర్వాహకులు చెప్పింది చాలా అవసరం. తిన్న పిండి పదార్థాన్ని బట్టి ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు, ముఖ్యంగా టైప్ 1 పిల్లలు, కిడ్నీ పథ్యంలో ఉన్నవాళ్ళు త్రాసు కొనుక్కోవాల్సిందే. వాళ్ళకి "సుమారుగా" కుదరదు.

#18 సీమ_బిడ్డ (అనంతపురం)

అన్నం సంగతి సరే. మా నాయన రాగి సంగటి తింటాడు. షుగరుకి రాగులు మంచివని ఎవరో చెప్పినప్పటి నుంచి ముద్ద సైజు పెరిగిపోయింది. ముందు పిడికిలంత ఉండేది, ఇప్పుడు రెండు చేతులా పట్టుకోవాల. అడిగితే "ఇది బియ్యం కాదు కదరా" అంటాడు. దీనికి కొలత ఏమన్నా ఉందా?

#19 పథ్యం_గది (డైటీషియన్, విజయవాడ)

రాగుల్లో పీచు, కాల్షియం బియ్యం కన్నా చాలా ఎక్కువ, అది నిజం. కానీ 100 గ్రాముల రాగి పిండిలో 320 కేలరీలకి పైనే, బియ్యంలో 350. పెద్ద తేడా ఏం లేదు. పైగా సంగటిలో బియ్యమో నూకో వేసి ఉడికిస్తారుగా, అదీ కలపాలి.

ముద్దని చూసి చెప్పలేం, నీళ్ళు ఎంత పోశారో దాన్ని బట్టి ఉబ్బుతుంది. మళ్ళీ మాస్టారి పద్ధతే. వండేటప్పుడు నూకా పిండీ కలిపి ఎన్ని గ్లాసులు వేశారో చూడండి, సంగటి మొత్తం ఎన్ని ముద్దలు అయిందో లెక్కపెట్టండి, భాగించండి. మీ అమ్మగారు రోజూ ఒకే గిన్నె తడిపి, అందులో సంగటి వేసి తిప్పి ముద్ద చేస్తే ముద్దలన్నీ ఒకే సైజు వస్తాయి. పెద్ద గిన్నె దాచేసి చిన్న గిన్నె ఇవ్వండి.

#20 సీమ_బిడ్డ (అనంతపురం)

గిన్నె దాచేది మా అమ్మకి అప్పగిస్తా. నాతో అయ్యే పని కాదు.

#21 పాతకాలం_మనిషి

ఇదంతా చూస్తుంటే నవ్వొస్తోంది. మా తాత పూటకి సోలెడు బియ్యం అన్నం తిని, చెంబెడు మజ్జిగ తాగి 90 ఏళ్ళు బతికాడు. ఆకలేసినంత తినాలి, చాలనిపిస్తే ఆపాలి. గ్రాములెందుకు?

#22 లెక్కల_మాస్టారు (నల్గొండ)

తమ్ముడూ, మీ తాత పూటకి సోలెడని మీరే చెప్పారు. అంటే ఆయన కొలిచే తిన్నాడు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. ఎసట్లో పోసే బియ్యం ఇంటి ఇల్లాలు రోజూ కొలిచే పోసేది, మనిషికి ఇంత అని. ప్రెషర్ కుక్కరు వచ్చాక గ్లాసు ఉన్నా "ఎందుకైనా మంచిది" అని ఇంకో పిడికెడు వేయడం మనం నేర్చుకున్నాం. సోల ఎంతన్నది మాత్రం ఊరూరికీ మారేది, మీ ఊరి సోల చూడకుండా నేను గ్రాములు చెప్పను.

మీ తాత తెల్లారి నాగలి పట్టేవాడనుకుంటా. మీరు దేన్ని పడుతున్నారు?

#23 పాతకాలం_మనిషి

మౌస్ 😄 సరే మాస్టారూ.

#24 బుజ్జాయి_అమ్మ (వరంగల్)

అక్కలూ, అన్నలూ, మీరంతా ఎట్ల తగ్గించాల్నో మాట్లాడుకుంటున్రు, నాది ఉల్టా సమస్య. మా బాబుకి 14 నెలలు. మా అత్తమ్మ చిన్న పళ్ళెం నిండ పప్పన్నం కలిపి ముందల పెట్టుకుంటది. వాడు సగం కూడ తినడు. పిల్లగాడు ఏం తింటలేడని ఇంట్ల రోజూ ఇదే ముచ్చట. అసలు వాడు ఎంత తినాలె?

#25 పథ్యం_గది (డైటీషియన్, విజయవాడ)

అమ్మా, కంగారు పడకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే అంచనా ఇది. 6 నుంచి 8 నెలల పిల్లలకి రెండు మూడు పెద్ద చెంచాలతో మొదలెట్టి 250 మి.లీ. కప్పులో సగం దాకా. 9 నుంచి 11 నెలలకి సగం కప్పు. ఏడాది నిండాక రెండేళ్ళ దాకా ముప్పావు కప్పు నుంచి కప్పు. 8 నెలల దాకా రోజుకి రెండు మూడు సార్లు, తొమ్మిదో నెల నుంచి మూడు నాలుగు సార్లు, తల్లిపాలు కాకుండా. చారులా పలచగా కాదు, చెంచా వంచితే జారిపోకుండా ఉండాలి.

అత్తగారు కలిపే పళ్ళెం ఒకసారి 250 మి.లీ. కప్పులోకి ఎత్తి చూడండి. కప్పు దాటి ఉంటే బాబు సగం తిన్నా తన వాటా తిన్నట్టే. బరువు, ఎత్తు అంగన్‌వాడీ కార్డులో గీత ప్రకారం పెరుగుతుంటే తల తిప్పేసినప్పుడు ఆపేయండి, వెంటపడి కుక్కకండి.

#26 బుజ్జాయి_అమ్మ (వరంగల్)

ఇప్పుడే చూసిన. పళ్ళెంల కప్పున్నర పైన్నే ఉన్నది! అత్తమ్మకు చూపెట్టిన. "కప్పు చిన్నగున్నది" అన్నది.

#27 డాలస్_దొండకాయ

ఉప్పుకి కూడా మాస్టారి నెల లెక్క పనికొస్తుందా? బీపీ నాది.

#28 లెక్కల_మాస్టారు (నల్గొండ)

వస్తుంది. మనిషికి రోజుకి 5 గ్రాముల లోపు అంటారు. నలుగురికి 20. కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. ఊరగాయలూ అప్పడాలూ, మీ అమెరికాలో బ్రెడ్డూ చిప్సూ సాసులూ ఇందులోకి రావు. కాబట్టి 50 రోజులు వచ్చినా సంబరపడకండి, ఇంకా ఎక్కువే రావాలి.

#29 గోదారి_గట్టు

ఇంకొక్క ప్రశ్న. అమ్మకి మోకాళ్ళ నొప్పులు ఎక్కువైన రోజు అన్నం ఒక్కటే వండి, కూరలు వీధి చివర కర్రీ పాయింట్ నుంచి తెస్తారు. గుత్తి వంకాయ, బెండకాయ వేపుడు, పప్పు. అందులో నూనె ఎంత పోశారో మనకెలా తెలుస్తుంది? ప్యాకెట్ తేదీ లెక్కలోకి అది రాదు కదా.

#30 వంట_మేస్త్రి (తెనాలి)

వంకాయ కూర కవరు విప్పి వెడల్పు గిన్నెలో పోయండి. గిన్నె కింద ఒక పక్క చెంచా పెట్టి వాలుగా ఉంచండి. పావుగంట ఆగితే నూనె పల్లానికి దిగుద్ది. ముక్కల్ని పైకి జరిపి నూనె చెంచాతో తియ్యండి, తీసింది ఎన్ని చెంచాలో లెక్కపెట్టండి. గుజ్జులో ఉన్నది ఎలాగూ రాదు. వేపుడుకి ఇది కుదరదు, ముక్క తాగేసుద్ది. వేపుడు మానేసి పప్పు, పులుసుకూర తెప్పించుకోమనండి. పప్పులో మేం పోసేది తాలింపు నూనె ఒక్కటే.

#31 పప్పు_దప్పళం (గుంటూరు)

తీసిన ఆ నూనెతో మర్నాడు పోపు పెట్టకుండా చూసుకోండి గట్టు గారూ. అమ్మలు పారబోయరు.